సిస్టరుగారి పేరున అచ్చయిన చీటీ

సిస్టరుగారు పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. నేను వెంటనే నమ్మలేదు. "ఎవరు చెప్పారు? చూసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగాను. అవతలి మనిషి నొచ్చుకున్నాడు. ఏం చేయను, ఏ మాట చెవిన పడినా ముందు ఆ రెండు ప్రశ్నలూ అడగమని నేర్పింది ఆవిడే. నర్సీపట్నంలో చర్చి వెనక వీధికి వెళ్లి, ఆవిడ గుమ్మం ముందు విడిచిన చెప్పులన్నీ చూశాకే నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ నర్సు. ఆ చుట్టుపక్కలే ఓ చిన్న సర్కారు ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఆసుపత్రి ఎక్కడుందో రాయను. రాస్తే ఆవిడ ఊరుకోరు. మా ఇళ్లు పక్కపక్కనే ఉండేవి కాబట్టి ఆవిడ అనుమానాలన్నీ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. పాలవాడు పాలు పోస్తే ఓ చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని జారుతుందో నిలుస్తుందో చూసేవారు. ఎవరికైనా మాత్ర ఇస్తే మింగేదాకా పక్కనే నిలబడి, ఆ తర్వాత నోరు తెరిపించి మరీ చూసేవారు. ఆదివారం ప్రార్థనలో ఆవిడ ఒక కన్నే మూస్తారని పాస్టరుగారు నవ్వుతూ అనేవారు. "దేవుణ్ణి నమ్ముతానండి. సెప్పుల దగ్గర నిలబడ్డోళ్లనే నమ్మను" అని ఆవిడ జవాబు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఎక్కడ చూసినా కంప్యూటర్ల మాటే వినబడే రోజుల్లో, మా ఆసుపత్రికీ ఒకటి వచ్చింది. రోగుల వివరాలన్నీ ఇక అందులోనే ఉండాలన్నారు. దాని ముందు కూర్చోవడానికి కాంట్రాక్టు మీద నన్ను తీసుకున్నారు. పెట్టె తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టి, తెరకి బొట్టు పెట్టారు. ఆ గదికి ఏసీ కూడా బిగించారు. పురుటి గదిలో ఫ్యాను తిరగకపోయినా పట్టించుకునేవాడు లేడు గానీ కంప్యూటరుకి చెమట పట్టకూడదట. పెద్ద డాక్టరుగారితో సహా అందరం చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. సిస్టరుగారు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయారు.

"అమ్మడూ, ఇందులో ఏటేస్తావు?"

"పేరు, ఊరు, వయసు, జబ్బు అండీ."

"ఏసినాక?"

"ఫ్లాపీలో ఎక్కించి విశాఖపట్నం పంపుతాం. అక్కణ్ణుంచి హైదరాబాదు."

"అక్కడ ఎవులు సూస్తారు?"

నాకు తెలియదు. పెద్ద డాక్టరుగారిని అడిగితే ఆయనకీ తెలియదు. తనిఖీకి వచ్చిన అధికారి "పైవాళ్లు" అన్నారు. ఆ మాటతో సిస్టరుగారి అనుమానం ముదిరిపోయింది. "మన జనం రోగాలన్నీ ఆ నల్ల పలకలోకెక్కి ఎల్లిపోతన్నాయి. అవతల పట్టుకున్నోడి మొకం ఎవులికీ తెలీదు" అనేవారు. వరుసలో నిలబడ్డవాళ్లకి తెర కనబడుతోందని నా బల్లని గోడవైపు తిప్పించారు. సాయంత్రం ఇంటికెళ్లేముందు గుమ్మంలో నిలబడి నాచేత దాని మీద దుప్పటి కప్పించేవారు. ఆపేసిన పెట్టె ఏం చూస్తుందండీ అంటే "నీకు తెలుసేటి?" అనేవారు. అప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటరు మీద కూడా ఓ దుప్పటి ఉంది.

ఆవిడకి అసలు భయం పక్కనున్న ప్రింటరంటే. అంతకుముందు డాక్టరుగారు చేత్తో రాసేవారు. ఆ రాత మందుల షాపువాడికి తప్ప ఇంకెవరికీ అంతుపట్టేది కాదు. ఇప్పుడు చీటీ అచ్చులో వచ్చేది. పైన పేరు, కింద జబ్బు, అదీ తెలుగులో. జనానికి అర్థమయ్యేలా ఉండాలని పైనుంచి ఉత్తర్వు. మేమంతా ముచ్చటపడ్డాం. ఆవిడొక్కరే తల అడ్డంగా ఊపారు.

"డాక్టరుగారి రాత ఎవులికీ తెలీదు గాబట్టే మనోళ్లు దైర్యంగా ఆసుపత్రికొస్తన్నారే. నువ్వెప్పుడైనా కృష్ణదేవిపేట ఆటో ఎక్కినావా?"

ఎక్కాను. ఆ షేర్ ఆటోలో ఓ అలవాటుంది. ఆసుపత్రి నుంచి ఎవరొచ్చి ఎక్కినా "డాక్టరేటన్నాడు? సీటీ ఇలగియ్యి" అంటారు. ఇవ్వకపోతే తప్పు పడతారు. చదువొచ్చినవాళ్లెవరో అందుకుని పైకి చదివితే మిగతావాళ్లు తలా ఒక సలహా చెబుతారు. అదంతా అభిమానమే. చేతిరాత రోజుల్లో ఆ చీటీని అటూ ఇటూ తిప్పి "ఏదో జొరం లాగుంది" అని తిరిగి ఇచ్చేసేవారు.

గొలుగొండ అవతల ఓ ఊరినుంచి ఒక కోడలుపిల్ల దగ్గుతో వచ్చింది. పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. చీటీ అచ్చయింది. ఆ మధ్యాహ్నం ఆటోలో అది చేతులు మారింది, ఎవరో పైకి చదివేశారు. పక్కన కూర్చున్నావిడ తన చంటిబిడ్డని అవతలి తొడ మీదికి మార్చుకుంది. తర్వాత ఒక్కొక్కరే జరిగారు. ఆ పిల్ల చెరుకు తోటల దగ్గర తనే దిగిపోయి, మిగతా దారంతా నడిచి వెళ్లిందట. ఆమెకన్నా ముందే కబురు ఇల్లు చేరింది. ఆమె మళ్లీ మందులకి రాలేదు. ఆ మందులు మధ్యలో ఆపితే మనిషి దక్కడం కష్టం. మా ఆసుపత్రి మనిషి వెతుక్కుంటూ వెళితే, పుట్టింటికెళ్లిందని తలుపు సందులోంచి చెప్పి పంపేశారు.

ఆ మాట నమ్మని సిస్టరుగారు మర్నాడు నా గదిలోకి వచ్చారు. లోపలికి రావడం అదే మొదటిసారి, అదీ చెప్పులతోనే.

"నా పేరున ఒక సీటీ తియ్యి. జబ్బు కాడ ఆ పిల్లదే ఎయ్యి."

"లేని జబ్బు ఎలా ఎక్కిస్తానండీ? ఒకసారి ఎక్కితే తీసేయడం మన చేతుల్లో లేదు."

"ఉండనీ. నా నోటి మాట నమ్మరు. నీ మిషను అచ్చేసిస్తే నమ్మీస్తారు. బేగి తియ్యి, ఆటో ఎల్లిపోద్ది."

తీశాను. తోడు కూడా వెళ్లాను. ఆటోలో ఎవరైనా అడిగేదాకా ఆవిడ ఆగలేదు. ఎదురుగా కూర్చున్న అబ్బాయికి చీటీ ఇచ్చి "సదువు బాబూ, కళ్లజోడు మర్సిపోయినాను" అన్నారు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. అతను చదువుతూ మధ్యలో ఆగిపోయాడు.

"సిస్టరుగారండీ, మీక్కూడానేటండీ?" అంది ఒకావిడ.

"ఏం, నాను మనిసిని కాదేటి? జరిగీవోళ్లు జరగండి. నాను మట్టుకు దిగను."

ఎవరూ జరగలేదు. వాళ్లిళ్లలో చాలా పురుళ్లు పోసింది ఆవిడే. మేం ఆ పిల్ల ఇంటికి చేరేసరికి అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. సిస్టరుగారు ఆవిడతో వాదన పెట్టుకోలేదు. లోపలికి వినబడేలా అన్నారు: "అమ్మా, నాకూ అదే వొచ్చింది. ఒక్కదాన్నీ మింగాలంటే బెంగగా ఉంది. నువ్వూ రా, ఇద్దరం కలిసి మింగుదాం."

ఆ పిల్ల బయటికి వచ్చి చీటీ చదువుకుంది. తర్వాత సిస్టరుగారి మొహంలోకి చూసింది. "నిజంగానేటండీ?" అంది.

"అచ్చులో ఉంది గదే!" అన్నారు సిస్టరుగారు.

ఆ పిల్ల వచ్చింది. కట్లు కట్టే గది బయట బల్ల మీద, రోజు విడిచి రోజు, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మింగేవారు. సిస్టరుగారివి బి-కాంప్లెక్స్ మాత్రలు. ఆ పిల్ల కూడా తక్కువదేం కాదు. ఓ రోజు నన్ను పక్కకి పిలిచి, తనకి ఒంటికి వెళితే ఎర్రగా వస్తోందనీ, సిస్టరుగారు తనకి పసుప్పచ్చగా వస్తోందన్నారనీ, ఒకే మందుకి అదెలాగనీ అడిగింది. నేను ప్రింటరులో కాగితం సరిచేస్తున్నట్టు నటించాను. ఆమె మరి రెట్టించలేదు, రావడమూ మానలేదు. చివరిదాకా మింగి బాగుపడింది. కొన్నాళ్లకి చీటీ మీద జబ్బు పేరు పోయి ఏదో నంబరు వచ్చింది. "దాన్నీ ఎవుడో ఒకడు కనిపెట్టీస్తాడు" అన్నారు సిస్టరుగారు.

ఆవిడ అనుమానాలన్నీ నిజమయ్యాయని చెప్పను. ఆ పెట్టె వల్ల మేలు కూడా జరిగింది. ఏ మందు అయిపోవస్తోందో ముందే తెలిసేది, ఆవిడ మాత్రం ఒప్పుకునేవారు కారు. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో నేనెన్నడూ చెప్పలేదు. చెబితే ఎందుకు చెబుతున్నానా అని అనుమానపడేవారు. ఇప్పుడు చెప్పాలనుంది, వినేవారు లేరు.

సమాధి అయిన మర్నాడు ఆవిడ ఇంట్లో కూర్చుని ఉన్నాం. ఆ కోడలుపిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, టీ గ్లాసులు కడుగుతోంది. ఇంతలో ఓ కొత్త హెల్త్ వర్కరు అచ్చు కాగితం పట్టుకుని వచ్చాడు. పాత కంప్యూటరులో ఉన్న పేర్లన్నీ కొత్తదాంట్లోకి మారుస్తున్నారట. సిస్టరుగారి పేరు చదివి, ఈవిడ క్షయ మందులు పూర్తి చేసినట్టు ఎక్కలేదు, మధ్యలో మానేశారా అని అడిగాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మానీలేదండీ. పూర్తిగా మింగినారు."

"చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"నానే సూసినాను. పక్కన కూకుని మింగినాను."

అతను పెన్ను తీసి టిక్కు పెట్టుకున్నాడు. ఆమె అతని చేతికి టీ గ్లాసు ఇచ్చి, తాగేదాకా పక్కనే నిలబడింది.