మరియమ్మకు అందిన మొదటి హెచ్చరిక

భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీలో వినగానే మరియమ్మ చేతిలోని గరిట సాంబారులో మునిగిపోయింది. మాదాపూర్ లేడీస్ హాస్టల్లో ఇరవై ఏళ్లుగా వండుతున్నా, గరిట జారవిడవడం ఇదే మొదలు.

"మొదటిదే వచ్చేసింది! ఇంకేం మిగిలింది దేవుడా!"

తుపాను తీరం దాటి మూడు రోజులైంది. ఎగువన ఆగకుండా వానలు. నదికి దగ్గరగా, పల్లపు వీధిలో ఆమె చెల్లెలు కరుణ ఒంటరిగా ఉంటుంది.

పక్క ఆఫీసులో పనిచేస్తూ, తిండికి మాత్రం అమ్మమ్మ దగ్గరకే వచ్చే మనవరాలు దీవెన నచ్చజెప్పబోయింది. "మొదటిది అన్నిట్లో చిన్నది, అమ్మమ్మా. నలభై మూడు అడుగులకు ఇస్తారు. నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది."

"మూడోసారికి పదో తరగతి గట్టెక్కినదానివి, నువ్వా నాకు చెప్పేది? ఫస్టు వచ్చిందే పెద్దది!"

వెంటనే కరుణకు ఫోన్ చేసింది.

"మూడోది ఇచ్చాక పోతాలే అక్కా. మా వీధిలో అందరం అంతే."

అమ్మమ్మ క్షణం ఆలోచించి గుండె పట్టుకుంది. ఫోన్లో అది కనబడదని తోచలేదు. "గుండెలో నొప్పే కరుణా. పొద్దున్నకల్లా రాకపోతే నన్ను చూడవు." ఫోన్ పెట్టేసి, "ప్రభువా, క్షమించు, మిగతాది పనయ్యాక చెప్పుకుంటా," అని పోపు వేసింది.

మర్నాడు కరుణ సంచితో ఆటో దిగేసరికి, చావుబతుకుల్లో ఉండాల్సిన అక్క అరవై మందికి ఉప్మా కలుపుతోంది.

"నొప్పేదీ?"

"తగ్గింది."

కరుణ బియ్యం బస్తా మీద అటు తిరిగి కూర్చుంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోతానంది. ఉప్మా ముట్టలేదు. మధ్యాహ్నం పక్కింటి తిరుపతి ఫోన్ చేశాడు.

"కరుణక్కా, యాడున్నవ్? నీకోసం పడవేసుకొని తిరిగినం! మూడోది ఇయ్యకముందే మన వీధిలకు నీళ్లొచ్చినయ్. మీ ఇంట్ల కిటికీ దాకా ఉన్నయ్. మేమందరం బడిల ఉన్నం, మంచిగనే ఉన్నం."

"హైదరాబాద్‌లో ఉన్నా తమ్ముడూ," అంది కరుణ. ఫోన్ పెట్టేసి అక్క వైపు తిరిగింది.

"హాస్టల్లో ఎన్నాళ్లు ఉండనిస్తారే?"

"ఉల్లిపాయలు తరిగితే ఎన్నాళ్లైనా."

కరుణ కత్తిపీట దగ్గరకు లాక్కుంది. నిన్నటి నుంచి కాలు నిలవక తిరుగుతున్న అమ్మమ్మ, అప్పుడు ఆమె పక్కన చతికిలబడింది.