నూలుకు పెట్టే గంజి

“ఇంటికి పోయినాక నిలబడి తినొద్దక్కా. కూసోని తిను.”

“నువ్వు ఇరవై తూర్లు నమిలి మింగు.”

కస్తూరికీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. పోయిన ఏడాది సెప్టెంబరులో, తమిళుల పెరటాసి నెల మొదట్లో, గుడియాత్తం బస్టాండులో. నేను వేలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను, ఆమె కింద నిలబడింది. బస్సు కదిలింది. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. మమ్మల్ని పేషెంట్ల ఇళ్ళకు పంపే ఆఫీసులో ఒక కట్టుబాటు ఉంది. డ్యూటీ అయ్యాక పేషెంటుకు ఫోన్ చేయకూడదు. ఆమె చేస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను.

నా పేరు మునెమ్మ. హోమ్ అటెండర్‌ని. అంటే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ ఇంట్లోనే ఉండి, స్నానం నుంచి మందుల దాకా చూసుకునే మనిషిని. మా ఆయన పోయిన మరుసటి ఏడు ఈ పనిలోకి వచ్చాను, పద్నాలుగేళ్ళయింది. సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. గడియారం చూసి నాడి లెక్కపెట్టడం వచ్చు. వేలూరు సత్తువాచారిలో ఒక్క గదిలో ఉంటాను. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు గీత రాస్తోంది. అది పలమనేరులో తెలుగు చదువుకున్న పిల్ల.

కస్తూరికి నలభై ఏళ్ళుంటాయి. గుడియాత్తంలో లుంగీలు నేసే ఇల్లు వాళ్ళది. పెళ్ళయిన నాటి నుంచి మొగుడు దామోదరం ఒక మగ్గం, ఈమె ఒక మగ్గం. వాళ్ళది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు దించి కూర్చుని నేయాలి. ఈమె ఒళ్ళు పెరిగి పెరిగి, కూర్చునే పలకకూ ముందరి కొయ్యకూ మధ్య పట్టకుండా పోయింది. నాలుగేళ్ళుగా ఆమె మగ్గం మీద దుప్పటి కప్పే ఉంది. పిల్లలు లేరు. మళ్ళీ ఆ గుంటలో దిగాలని, ఆ ఒక్క ఆశతోనే వేలూరులో ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

దాన్ని స్లీవ్ అంటారు. కడుపును నిలువునా కోసి, అరటికాయంత మిగిల్చి కుట్టేస్తారు. ఆ కుట్టు మానేదాకా గట్టి తిండి తగలకూడదు. మొదట వట్టి నీళ్ళలాంటివి, ఆ తర్వాత మజ్జిగ, పాలలో కలిపిన ప్రొటీన్ పొడి, నెల దగ్గరపడ్డాక మెత్తగా రుబ్బినవి. ఏదైనా ముప్పై మిల్లీల కప్పుతోనే. మందు సీసా మూత కంటే కాస్త పెద్దది, అంతే. పదిహేను నిమిషాలకు ఒక కప్పు. మధ్యలో కుట్టు విడితే దాన్ని లీక్ అంటారు. ప్రాణం పోవచ్చు.

“కడుపు కోసేస్తే ఆకలి ఉండదని చెప్పిరే అక్కా,” అని మొదటి వారమే అడిగింది. “మరి ఇది ఏంది?”

కొందరికి ఉండదు, కొందరికి ఉంటుంది. ఆసుపత్రిలో తిండి సంగతి చూసే డైటీషియనమ్మకు ఫోన్ చేస్తే, కొంత ఆకలి కాదు, యాసిడ్ మంట అని మాత్ర చెప్పింది. మాత్రతో మంట తగ్గింది. ఆకలి తగ్గలేదు. ఇంటికి వచ్చిన నాలుగో రోజు వంటింట్లో ఆవాలు చిటపటలాడితే మంచం మీద పడుకుని ఏడ్చింది. పెద్ద మనిషి ఏడవడం చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

అప్పుడు నేనొక పని చేశాను. అంతకుముందు మద్రాసులో ఒక పెద్ద ఇంట్లో అలా చేస్తే బాగా జరిగింది. దామోదరాన్ని పిలిచి, వంట పక్కనే ఉన్న అతని తమ్ముడింట్లో పెట్టించాను. భోజనాలూ అక్కడే. ఊరగాయ జాడీలు, మురుకుల డబ్బా అటక మీదికి ఎక్కించాను. వంటింటికి తాళం వేయించి తాళంచెవి నా కొంగున కట్టుకున్నాను. నా అన్నం కూడా పెరట్లో గోడవైపు తిరిగి, నిలబడే తినేదాన్ని. ఇంట్లో కంటికి కనబడే తిండి ఏదీ లేదని గొప్పగా అనుకున్నాను.

ఆపరేషన్ అయిన పదిహేడో రోజు పొద్దున వాళ్ళ వీధిలో పడుగుకు గంజి పట్టారు. నూలును వీధి పొడుగునా చాపి, బియ్యం గంజి పూసి కుంచెతో దువ్వుతారు. నూలు తెగకుండా ఉండాలంటే ఈ పని తప్పదు. ఎండ ముదరకముందే ముగించాలి గనుక ఇంటిల్లిపాదీ వీధిలోనే ఉన్నారు. నేను కప్పులు కడగడానికి పెరట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కస్తూరి మంచం మీద లేదు. వసారాలో గంజి కుండ ముందు కూర్చుని ఉంది. మోచేతి దాకా తెల్లగా ఉంది.

“ఏందమ్మా ఇది? ఏం చేసినావు?”

“గంజే కదక్కా. నీళ్ళ మాదిరివి తాగొచ్చంటివి కదా.”

“అడుగున ముద్దగా ఉండాదే! ఇది నూలుకు పెట్టేది తల్లీ!”

“నూలుకు పెడతారు,” అంది నన్ను చూడకుండానే. “నాకు పెట్టరు.”

పిడికెళ్ళతో తిన్నట్టుంది, ఎంతో తెలియదు. నూనె కలిపి పులిసిన గంజి. అరగంటలో కక్కడం మొదలుపెట్టింది. ఎడమ భుజం దాకా నొప్పి అంది. నాడి పట్టుకుంటే నిమిషానికి నూట ఇరవై దాటింది. మాకు నేర్పిన గుర్తులు అవే. దామోదరం గంజి చేతులతోనే కారు పిలుచుకొచ్చాడు. పళ్ళికొండ మీదుగా వేలూరు దారి పట్టాం. ఆమె తల నా ఒడిలో ఉంది. తాళంచెవి ఇంకా నా కొంగునే ఉంది, ఆమె చెంపకు గుచ్చుకుంటుంటే తీసి సంచిలో వేసుకున్నాను.

ఆసుపత్రిలో రంగు నీళ్ళు తాగించి స్కాన్ తీశారు. కుట్టు విడలేదు. రెండు రోజులు సెలైన్ పెట్టి ఉంచారు. దామోదరం వార్డు బయట కూలబడి, “అన్నీ దాచిపెడితిమి గదక్కా, ఇంకేం చేసేది?” అన్నాడు.

దానికి జవాబు కస్తూరే చెప్పింది, మరునాడు, చేతికి సూది ఉండగా.

“ఆకలి ఓర్చుకుంటానక్కా. పెరటాసి శనివారాలు ఒక్కపొద్దు ఉండేదాన్నే నేను. వాళ్ళు పక్కింట్లో కంచాలు పెట్టేది వినపడతాది. మా ఆయన నవ్వేది వినపడతాది. నా కాడికి వచ్చేటప్పుడు మూతి తుడుచుకోని, సావింటికి వచ్చినట్ల వస్తారు. నువ్వు గూడా అంతే. పెరట్లో గోడ చూసుకోని తింటావే, నేనేమన్నా దిష్టి పెడతానా?”

మా ఆయన పోయాక నేను పొయ్యి దగ్గర నిలబడే తింటున్నాను. ఒక్కదానికి కంచం పెట్టుకుని కూర్చోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఆమె పక్కన తినకపోవడం ఆమె మంచికేనని చెప్పుకున్నాను గానీ, నాకు కూర్చుని తినే అలవాటే పోయిందని ఆ మాటతో తెలిసింది.

ఇంటికి వచ్చిన రోజే తాళం తీసేశాను. మధ్యాహ్నం కస్తూరి ముందు మజ్జిగ కప్పు పెట్టి, దామోదరానికీ నాకూ కంచాలు పెట్టాను.

“దాని ముందర ఎట్ల తినేదక్కా? గొంతులో దిగదు,” అన్నాడు దామోదరం.

“దిగకపోతే నా మాదిరి ముప్పై మిల్లీ తాగప్పా,” అంది కస్తూరి. “సుమ్మా ఊరికే కూసోకుండా ఆ నూలు అంగడాయన ఏమన్నాడో చెప్పు.”

వాడు ఆ అంగడాయన గొంతు పెట్టి మాట్లాడి చూపించాడు. ఆమె నవ్వి, పొట్ట పట్టుకుని, “కుట్టు లాగుతాది, చాలు చాలు” అంది. ఆ ఒక్క కప్పు అరగంట తాగింది.

దాంతో ఆకలి పోయిందని చెప్పను. మధ్యాహ్నం మూడింటికి క్రమం తప్పకుండా వచ్చేది. అప్పుడు కస్తూరి నా చేయి గట్టిగా పట్టుకునేది. ఇద్దరం వీధి చివరిదాకా నడిచి వచ్చేవాళ్ళం. ఒక్కోసారి తగ్గేది, ఒక్కోసారి తగ్గేది కాదు.

దానికి తోడు బరువు ఆగిపోయింది. నూట పద్దెనిమిది కేజీల దగ్గర ముల్లు పదకొండు రోజులు కదల్లేదు. “మిషన్ చెడిపోయినాది” అంది. దామోదరం ఎక్కాడు, నేను ఎక్కాను. మా ఇద్దరికీ ముల్లు సరిగ్గానే తిరిగింది. “అందరికీ కదులుతాది, నాకు తప్ప. అంత గంజి తిన్నందుకు దేముడు పట్టి పెట్టినాడు” అని కప్పు తోసేసింది. మూడు, నాలుగు వారాల మధ్య చాలామందికి ఒళ్ళు ఇలా మొరాయిస్తుందనీ, వారానికి ఒకసారే బరువు చూడమనీ డైటీషియనమ్మ చెప్పింది. మిషన్‌ను ఆ అటక మీదికి ఎక్కించాం. దాచిపెట్టమని ఈసారి కస్తూరే అడిగింది.

ఆరు వారాలయ్యాక నా డ్యూటీ ముగిసింది. ఆ పొద్దున ఆమె మగ్గం మీది దుప్పటి తీయించింది. పలక పట్టుకుని కాళ్ళు గుంటలోకి దించింది. కాళ్ళు దిగాయి. పొట్ట ముందరి కొయ్యకు ఒత్తుకుంది. పేక నూలు నడిపే నాడె విసరాలంటే చేతులు ఆడటం లేదు. చెమటలు కారుతుంటే దామోదరం, నేను చెరో చేయి పట్టి పైకి లేపాం.

“ఇంకా రాలా,” అంది. ఏడవలేదు. “ఇంకా నాలుగు వేళ్ళ సందు కావాల. పై నెల చూస్తాం.”

ఆ పై నెల ఏమైందో నాకు తెలియదు. మా పనిలో అంతే. అందరినీ సగం నడిచినప్పుడు వదిలేసి వస్తాం.

ఇప్పుడు ఇలాంటి కొత్త డ్యూటీకి వెళితే, కప్పులూ మాత్రలూ చూసుకోకముందే ఇంటివాళ్ళను ఒక మాట అడుగుతాను. ఈమె తాగేటప్పుడు పక్కన కూర్చుని తినేది ఎవరని. ఎవరూ లేరంటే నా కంచం అక్కడే పెట్టుకుంటాను. పేషెంటు వద్దంటే లేస్తాను. ఆ మాట పేషెంటే అనాలి. ఆమె తరఫున నేను అనుకోకూడదు. అది నేర్చుకోవడానికి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను.

గీత పెన్ను ఆపింది.

“పెద్దమ్మా, తాళం సంగతి తీసేద్దామా? చదివినోళ్ళు నీకు పని ఇయ్యరేమో.”

“తీయొద్దు నాయనా. అది తీస్తే ఆ పిచ్చిది గంజి ఎందుకు తినిందో ఎవురికీ తెల్దు, తప్పంతా దాని మీదికి పోతాది. నేనే వేయించినానని రాసినావా లేదా? యాడుండాది? నాకు చదివి చెప్పు. మెల్లగా చదువు.”