మైల పేరు మీద దొరికిన సెలవు

మనసు బాగాలేదంటే ఉద్యోగికి ఒకరోజు సెలవివ్వాలా వద్దా అని మొన్న టీవీలో నలుగురు పెద్దమనుషులు గంటసేపు కొట్లాడుకున్నారు. అలా ఇస్తే రేపు అందరూ మనసు బాగాలేదనే అంటారని ఒకాయన వాదన. నాకు ఒళ్లు మండింది. అంటే అననీ! మనసు బాగాలేని మనిషి పక్కన కూర్చుని పని చేసినవాళ్లెవరూ ఆ మాట అనరు. నేను చేశాను.

మా పుట్టినిల్లు నాగర్‌కర్నూలు. మాకక్కడ చిన్న బట్టల దుకాణం. గద్వాల కోడలినై వచ్చాకే నేను మగ్గం ముఖం చూశాను. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు పట్టు. అడ్డపోగును నడిపే నాడె ఆడిన ప్రతిసారీ నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదానికొకటి మెలేసి కలపాలి. అందుకే మగ్గం మీద ఇద్దరుండాలి. ఆ దిక్కు మా ఆయన, ఈ దిక్కు నేను. మాటలతో అవసరం లేకుండానే పని సాగిపోయేది.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, పెళ్లిళ్ల గిరాకీ జోరుగా ఉన్నప్పుడు, ఆయనకు ఏదో అయింది. జ్వరం లేదు, దగ్గు లేదు. నిద్ర మాత్రం పోయింది. పగలు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, నాడె చేతిలో పట్టుకుని గోడకేసి చూస్తుండేవాడు. పోగులు కలపడం మరిచిన చోట అంచు విడిపోయి వేలు దూరేంత సందు పడేది. విప్పి మళ్లీ నేసేవాళ్లం. మళ్లీ సందు. ఏమైందని అడిగితే, "తెల్వదు. చేతులు నా మాట ఇంటలేవు" అనేవాడు. నాకు భయం పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నాడి చూసి టానిక్కు రాసి పంపాడు.

ఆయన్ను కొన్నాళ్లు మగ్గం దింపాలని మా అత్తకూ నాకూ తెలుసు. ఏం చెప్పి దింపాలో తెలియదు. అమావాస్య నాడు మగ్గం ఆగితే ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో మైల వస్తే అసలే అనరు, మైల చేతులతో మగ్గం ముట్టకూడదు. మనసు బాగాలేదంటే మాత్రం మాకు కూలికి నేతపనిచ్చే షావుకారు, తానిచ్చిన నిలువు పోగుల పడుగు దింపించి ఇంకో ఇంటికి ఇచ్చేస్తాడని మా భయం. ఒకసారి పోయిన పడుగు మళ్లీ మన గడప తొక్కడం అంత తేలిక కాదు. పడుగు లేని మగ్గం ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

ఒక పొద్దున షావుకారు మనిషి, చీర ఎంతదాకా వచ్చిందో చూడడానికి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే మా అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"వనపర్తిల మా పెద్దమామ పోయిండు. పాలోళ్లం గద, మైల వట్టింది. పదిదినాలు మగ్గం ముట్టం."

ఆడక ఆడక ఒక అబద్ధమాడితే, అది ఇలాంటిది! పాలోళ్లంటే ఒకే వంశం వాళ్లు. ఒకరింట్లో చావైతే అందరికీ మైలే. మరి షావుకారూ మా పాలోడే. పడుగులిచ్చే మనిషిగా చూసీ చూసీ మా అత్త ఆ సంగతే మరిచిపోయింది. వచ్చినవాడు వెళ్లిపోయాక నేను గుర్తుచేస్తే, నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడింది.

కాసేపటికి వీధి చివర షావుకారు ఇంట్లో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. పెళ్లి చీరలన్నీ ఆ మగ్గాల మీదే ఉన్నాయి. ఇంకాసేపటికి షావుకారే వచ్చాడు, తలస్నానం చేసిన తడి జుట్టుతో, చేతిసంచితో.

"నడువు చిన్నమ్మా, వనపర్తి బస్సుకు టైమైంది. మట్టి చేసేలోపల ముఖం చూడద్దా? తమ్మి ఏడి?"

కూలబడిన చోటి నుంచే మా అత్త తలెత్తింది.

"వనపర్తిల ఎవ్వరు పోలే నాయినా. ఈడ నా కొడుకు పోతుండు. రోజింత, రోజింత. మగ్గం ఆపుదామంటే ఇంకేం చెప్పాల్నో నాకు తెల్వలే."

పడుగు పోయినట్టే అనుకున్నాను. షావుకారు సంచి కిందపెట్టి లోపలికి వచ్చాడు. మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న మా ఆయన్ను చూశాడు. బట్ట మీద చెయ్యి పెట్టి, అంచు దగ్గర పడిన సందునూ చూశాడు. మా ఆయన లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టి, తనూ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"నిద్ర వడ్తలేదా తమ్మీ?"

"లేదన్నా."

"మరి నాకు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? జ్వరమా ఏమన్ననా?"

షావుకారు గట్టిగా ఊపిరి వదిలాడు. కోపం కోసం చూస్తున్న నాకు ఆయన ముఖంలో కోపం కనబడలేదు. పెద్ద గండం తప్పిన మనిషిలా ఉన్నాడు.

"చూడు చిన్నమ్మా. మైల నిజమే అయితే గీ పెండ్లిళ్ల కాలంల నా మగ్గాలన్నీ పదిదినాలు పండుకుంటుండె. ఇప్పుడు గా పదిదినాలు నాకు మిగిలినయి. వీనికే ఇస్తున్న. పడుగు ఏడికి పోదు, గీ మగ్గం మీదనే ఉంటది. ఇంక జర దినాలు గావాలన్నా అడుగుండ్రి. గని ఇగ మీదట మనసు మంచిగ లేకుంటే మంచిగ లేదనే చెప్పుండ్రి. దానికి ముసలాయన్ని ఎందుకు సంపుతరు?"

మా ఆయన నవ్వాడు. సగం దగ్గులాంటి నవ్వు, అయినా నవ్వే. ఆ నవ్వు వినగానే నా గుండెల మీంచి బండ దిగినట్టయింది.

సెలవుతో అంతా నయమైపోయిందని నేను చెప్పను. ఆ పదిదినాలూ చాలలేదు, ఇంకొన్ని అడిగాం. షావుకారు కాదనలేదు. మా ఆయన పొద్దున్నే మల్దకల్ దారిలో ఓపికున్నంత దూరం నడిచి వచ్చేవాడు. వచ్చి పగటిపూట కాస్త పడుకునేవాడు. వానలు మొదలయ్యాక ఒకరోజు ఎవరూ చెప్పకుండానే మగ్గం ఎక్కాడు. పడుగు పోతుందన్న భయం ముందే పోయింది కాబట్టి నేనూ తొందరపెట్టలేదు.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నమే. షావుకారు గడప దాటాడో లేదో, "అమ్మా, ఆకలైతుంది" అన్నాడు మా ఆయన. అత్త కళ్లు తుడుచుకుంటూ పొయ్యి దగ్గరికి పరుగెత్తి జొన్నరొట్టెలు చేసింది. ఆయన పక్కనే నాకూ కంచం పెట్టింది. నేను ఒక రొట్టె తిని, ఇంకోటి అడిగి అదీ తిన్నాక, అన్నాళ్లుగా నేనూ కడుపునిండా తినలేదని అప్పుడు తెలిసింది.