సర్వర్ గది తలుపు మీద పాస్‌వర్డ్

మా పాపకు ఎనిమిదో నెల. బందరులో నేను పనిచేసే కాలేజీ సొంత క్లౌడ్ కోసం, విద్యార్థుల మార్కులుండే డేటాబేస్ సర్వర్‌ను వారం రోజులు కష్టపడి సిద్ధం చేశాను. పెద్ద పాస్‌వర్డ్ పెట్టి, సూపరింటెండెంట్ గారికి మాత్రమే చెప్పాను. మర్నాడు పాపకు జ్వరమొచ్చి సెలవు పెట్టాను.

తిరిగి వెళ్లేసరికి సర్వర్ గది తలుపు మీద ఆ పాస్‌వర్డ్ పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. ఇద్దరు విద్యార్థులు దాన్ని ఫొటో తీస్తున్నారు! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏంటండీ ఇది?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"స్టాఫంతా పాస్‌వర్డ్ కోసం నీకు ఫోన్ చేస్తామంటే నేనే అంటించానమ్మా. జ్వరంతో పడుకున్న పిల్ల లేస్తుంది కదా!" అన్నారు సూపరింటెండెంట్ గారు, ఎంతో మేలు చేసినట్టు.

కాగితం చింపి, పాస్‌వర్డ్ మార్చి, మార్కులన్నీ సరిచూసేసరికి సాయంత్రమైంది. అదృష్టం, ఒక్కటీ మారలేదు. ఆయన్ని తిట్టడానికి మాత్రం నోరు రాలేదు.

"ఇకమీదట పిల్ల లేచినా సరే, నాకు ఫోనే చెయ్యండి బాబాయిగారూ" అని దణ్ణం పెట్టి బస్సెక్కాను.