పద్నాలుగు రూపాయల నూనె

చండ్రుగొండ సంతలో విస్తరాకులు అమ్మే జంపక్క ఎవరినైనా నమ్మేది గానీ, ధరలు తగ్గాయన్నవాళ్లను మాత్రం నమ్మేది కాదు. అడవి అంచు ఊరి నుంచి వారం వారం ఆకుల కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చేది. అవి అమ్మగా వచ్చిన డబ్బుతో ఉప్పు, మిరపకాయలు, నూనె కొనుక్కుని పోయేది. ఏ ఏడు ఏది ఎంతకు కొన్నదో అంతా ఆమెకు నోటికి ఉండేది.

ఎనభైల్లో ఒక వేసవిలో ద్రవ్యోల్బణం తగ్గిందని రేడియోలో చెప్పారు. ఊరి బడిపంతులు రామ్‌చందర్‌ని పట్టుకుని అదేమిటని అడిగింది. ధరలు తగ్గలేదనీ, పెరిగే వేగం తగ్గిందనీ ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

"అంటే ఎద్దు పొడుసుడు మానలే, మెల్లగ పొడుస్తుందంటవా సారూ?"

పంతులు ఒంటిపూట బడి వేళయిందని వెళ్లిపోయాడు.

ఆ వారమే ధరలు రాసుకోవడానికి ధన్‌సింగ్ అనే ప్రభుత్వ గుమాస్తా ఖమ్మం నుంచి సంతకు వచ్చాడు. నూనె ఎంతని కిరాణా కిషన్‌లాల్‌ని అడిగాడు. చేతిలో పుస్తకం చూసి, ఎక్కువ ధరకు అమ్ముతున్నందుకు దాడికి వచ్చాడేమోనని సేటు భయపడ్డాడు. కిలో పద్నాలుగని చెప్పేశాడు. కిందటి వారం పద్దెనిమిది పెట్టి కొన్న జంపక్క ఖాళీ సీసాతో పక్కనే నిలబడి ఉంది. గుమాస్తా రాయడం పూర్తయ్యేదాకా ఆగి, సీసా గల్లాపెట్టె మీద పెట్టింది.

"కిలో పొయ్యి సేటూ. పద్నాలుగే గద."

సేటు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా సేటు వైపు చూశాడు. కాదంటే పుస్తకంలో రాయించింది అబద్ధమవుతుంది. కిషన్‌లాల్ నూనె తూచి పోశాడు.

కబురు సంతంతా పాకింది. చింతపండు బుట్టలు వదిలేసి ఆడవాళ్లు సీసాలు, చెంబులు, ఒకామె పాలకుండ పట్టుకుని వరస కట్టారు. డబ్బా సగానికి దిగింది. ఆ వరస చివర ధన్‌సింగ్ కూడా, ఎక్కడ సంపాదించాడో, ఒక సోడా సీసా పట్టుకుని నిలబడ్డాడు. జంపక్క ఆయన దగ్గరకు వెళ్లి, ఖమ్మంలో ధరలు తగ్గలేదా అని అడిగింది. కాగితం మీద తగ్గాయిగానీ ఇంట్లో నమ్మడం లేదని ఆయన నెమ్మదిగా ఒప్పుకున్నాడు. పాపమనిపించి ఆమె ఆయన్ను వరసలో ముందుకు తీసుకుపోయి నిలబెట్టింది.

మర్నాడు పొద్దున్నే జంపక్క ఇంట్లో బూరెల వాసన గుప్పుమంది. ఇవాళేం పండగని ఇరుగుపొరుగువాళ్లు అడిగారు. పండగ లేదూ ఏమీ లేదు, సేటు మనసు మార్చుకుని నూనె వాపసు అడగకముందే తినేయాలి కదా అని, వాళ్లకూ తలో రెండు పెట్టింది.