డోలు బిందెలా మోగిన మూడు వారాలు

బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మా బాపుకు రోజూ ఒక్కటే సరదా ఉండేది. సాయంత్రం చాయ్ తాగి, నస్పూర్‌లోని మా ఇంటి ముందుగదిలో కుర్చీ వేసుకుని ఒకే ఒక క్యాసెట్ వినేవాడు. ఎప్పుడో మల్లన్న జాతరలో, పట్నాలు వేసే పూజప్పుడు ఎవరో రికార్డు చేసిన ఒగ్గు కథ అది. అందులో డోలు కొట్టింది మా పెద్దబాపు, అంటే బాపు అన్న. ఆయన పోయాక ఆ చేతి దెబ్బ వినాలంటే ఆ క్యాసెట్ తప్ప ఇంకో దారి లేదు. ఒక పక్క అయిపోగానే బాపు "తిప్పు!" అని కేకేసేవాడు. టేప్‌రికార్డర్ ఆయన మోచేతి పక్కనే ఉండేది. అయినా నేనే లేచి వచ్చి తిప్పాలి. పుస్తకం మధ్యలో లేపినందుకు నేను గొణుక్కునేవాణ్ని.

పుస్తకాల సంగతి చెప్పాలి. నేను కాలేజీలో చదివింది తక్కువ, గ్రంథాలయంలో చదివింది ఎక్కువ. వీలైనప్పుడల్లా బస్సెక్కి కరీంనగర్ వెళ్లి, ఇంటికివ్వని పుస్తకాల బీరువా దగ్గర కూర్చుని నోట్సు రాసుకునేవాణ్ని. అక్కడే స్పీకర్ల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. స్పీకర్ పెట్టెలో క్రాస్‌ఓవర్ అని ఒక చిన్న బోర్డు ఉంటుందనీ, బొగ్గును జల్లెడ పట్టినట్టు అది సన్నటి ధ్వనిని చిన్న స్పీకర్‌కు, లావు ధ్వనిని పెద్ద స్పీకర్‌కు పంపుతుందనీ తెలిసింది. ఆ అధ్యాయాన్ని బొమ్మలతో సహా నోట్సులోకి ఎక్కించుకున్నాను. తర్వాతి అధ్యాయం చెక్కపెట్టెల గురించి. అది వడ్రంగి పని, మనలాంటి వాళ్లకెందుకని వదిలేశాను.

మా పెట్టెలు ఇచ్చోడలో ఒక రేడియో మెకానిక్ చేసినవి. వాటి క్రాస్‌ఓవర్ బోర్డు మీది పాత కెపాసిటర్లు తీసేసి మేలైనవి వేస్తే పెద్దబాపు వచ్చి మన ముందుగదిలోనే డోలు కొట్టినట్టుంటుందని బాపుకు మాటిచ్చాను. కరీంనగర్‌లో కరెంటు సామాన్ల దుకాణం భాయ్ నా చీటీ చూసి అడిగాడు.

"పాతయి ఖరాబైనయా అన్నా?"

"కాలే."

"మరెందుకు పరేషాన్ అయితున్నవ్?"

నేను కారణాలు వివరించడం మొదలుపెట్టాను. నా వివరణ అయ్యేలోపు ఆయన ఇద్దరు గిరాకీలకు బల్బులు అమ్మాడు.

కొత్త కెపాసిటర్లు జామకాయలంత ఉన్నాయి. ఎడమ పెట్టెలో పట్టలేదు. దాని మీద నానా తంటాలు పడి, చెయ్యి కాల్చుకుని, ఎలాగో ఇరికించాను. కుడి పెట్టె దగ్గరికొచ్చేసరికి అనుభవం పెరిగింది, వాటిని అడ్డంగా పడుకోబెట్టాను. సాయంత్రం బాపును కుర్చీలో కూర్చోబెట్టి క్యాసెట్ పెట్టాను.

బాపు కాసేపు విని అడిగాడు. "మీ పెద్దబాపు డోలు కొడ్తుండా, బిందె కొడ్తుండా?"

"కొత్త సామాను కదా బాపు, జర నలగాలె. నీ చెవులకు గూడ అలవాటు గావాలె."

"నా చెవులకా?" అన్నాడు.

మూడు రోజులు నా మర్యాద కోసం విన్నాడు. నాలుగో రోజు క్యాసెట్‌ను బట్టలో చుట్టి బీరువాలో పెట్టి, చాయ్ హోటల్‌కు పోయాడు. ఆ తర్వాత రోజూ అంతే. "తిప్పు" అనేవాడు లేక సాయంత్రాలు బోలెడంత చదువుకోవచ్చు. కానీ ఒక్క పేజీ నడిస్తే ఒట్టు.

నోట్సు ముందేసుకుని రిపేరుకు దిగాను. చిన్న స్పీకర్ తీగలు అటూ ఇటూ అయ్యాయేమోనని తిప్పి చూశాను, గొంతులు ఇంకా దూరం పోయాయి. మళ్లీ మామూలుగా కలిపాను. కొత్త కెపాసిటర్ల వల్ల సన్నటి ధ్వని పెరిగిందేమోనని చిన్న రెసిస్టర్ వేశాను. తాళాల గణగణ తగ్గింది, బిందె మాత్రం బిందెలాగే ఉంది. వారానికి రెండు పేజీల పరిశీలనలు రాశాను. ఇప్పుడు చదివితే గొప్ప శాస్త్రజ్ఞుడి రాతలా ఉంటాయి, ఒక్కటీ పనికొచ్చేది కాదు. చివరికి సిగ్గు విడిచి పాత కెపాసిటర్లే తిరిగి అతికించాను. ఎక్కడివక్కడ పెట్టాను. అయినా బిందే మోగింది. నా శాస్త్రం అక్కడితో అయిపోయింది.

ఆ మాట బాపుకు చెప్పక తప్పలేదు.

బాపు లేచి పెట్టెల దగ్గరికి వచ్చాడు. బాయిలో దిగిన మనుషులు పని మొదలుపెట్టే ముందు పైబండను కర్రతో కొట్టి వింటారు. గట్టి బండ ఖణేల్మంటుంది, విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది. ఎన్నో ఏళ్లు బాపు ప్రాణం ఆ చప్పుడు మీదే ఆధారపడింది. అలాంటి చెవులకు నేను అలవాటు నేర్పబోయాను! ఆయన ఒక అరచేయి కుడి పెట్టెకు ఆనించి, రెండో చేతి వేళ్ల కణుపులతో కొట్టాడు. తర్వాత ఎడమ పెట్టెను కొట్టాడు. మళ్లీ కుడిదాన్ని.

"గిది మంచిగుంది. గిది డొల్ల. లోపలికెల్లి ఏమన్న తీసినవా?"

"ఏం తీయలే బాపు."

వంటింట్లోంచి అవ్వ, అదే మా అమ్మ, అందుకుంది. "తీయలేదంటడేందయ్యా! సంచెడు దూది తీసి నాకియ్యలేదా? పారేస్తాంటే నేనే గుంజుకున్న."

నిజమే. జామకాయలు పట్టడం లేదని ఎడమ పెట్టెలో కూరిన ఇచ్చోడ దూదంతా పీకి, చెత్త అని అవ్వ చేతిలో పెట్టాను. మూడు వారాల్లో ఒక్కసారైనా అది గుర్తు రాలేదు. కెపాసిటర్ల నంబర్లన్నీ నోటికొచ్చు. పెట్టె లోపలి ప్రతిధ్వనిని అణిచేది ఆ దూదేనని నేను వదిలేసిన చెక్కపెట్టెల అధ్యాయంలో ఉండే ఉంటుంది.

"యాడుంది అవ్వా గిప్పుడు?"

"యాడుంటది? మెడ నొస్తుందంటే మీ బాపుకు మెత్త కుట్టిన."

అంటే అన్ని రోజులూ బాపు పెద్దబాపు డోలు మోతను తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నేను పక్కగదిలో పరిశీలనలు రాసుకున్నాను.

"నా కుట్టు ఇప్పద్దు. బంగారమసొంటి దూది. పెట్టెకు మెత్త ఎందుకుల్లా?" అంది అవ్వ.

బాపు లోపలికి పోయి తన మెత్త తెచ్చి నా ఒళ్లో వేశాడు. "నాది చెద్దరు మడత పెట్టుకుంట తియ్. పెట్టుపో."

దూది కూరి, మరలు బిగించాను. బాపు బీరువాలోంచి క్యాసెట్ తెచ్చుకుని కుర్చీలో కూర్చున్నాడు. మొదటి దెబ్బ పడింది. నేను ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాను. బాపు కళ్లు మూసుకుని, చెయ్యి ఊపి నన్ను పొమ్మన్నాడు.

పక్కగదిలోకి వెళ్లి పుస్తకం తెరిచాను. చదవలేదు, చెవులు ఇటే ఉన్నాయి. ఒక పక్క అయిపోయింది. టేపు టక్కుమని ఆగింది.

"తిప్పు!" అన్నాడు బాపు.

అప్పటికే నేను గడప దగ్గర ఉన్నాను.