వరండాలో వానకొలత

ఉదయగిరి కొండ కింద మా పల్లె బడిలో సుకుమారి తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పింది. చేజర్లలో గొర్రెలు మేపే ఇంట్లో పుట్టింది. పిల్లలకు వాతావరణం నేర్పడానికి ఆమెకు కావలసింది ఒక పాత కూల్‌డ్రింకు సీసా. పైభాగం కోసి గరాటులా బోర్లించింది, అడుగున గులకరాళ్లు వేసి సున్నా గీత దాకా నీళ్లు పోసింది, పక్కన స్కేలు అంటించి ఆరుబయట నిలబెట్టింది.

నేను చదివిన కాన్వెంటులో వాన అంటే పుస్తకంలో గొడుగు బొమ్మ. ఈ పిల్లలకు వాన అంటే మిల్లీమీటర్లు. ఏడో తరగతి నిరోష రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి నోట్‌బుక్కులో రాసేది.

బడి నడిపే ట్రస్టుకు పెద్ద చంద్రమోహన్. ఆయనకు ఆ సీసా నామోషీ అయింది. ఆత్మకూరు నుంచి కారులో వాన కొలిచే యంత్రం ఒకటి తెచ్చాడు. రిబ్బను కత్తిరించి వాయుమండలం గురించి గంటసేపు ఉపన్యసించాడు. ఆ గంటలో వాయుమండలం సగం ఆయన నోట్లోకి పోయి వెచ్చబడి బయటికొచ్చింది. ఆ తర్వాత, అంత గొప్ప వస్తువు తడిసి పాడవుతుందని, దాన్ని వరండాలో రేకుల కింద బిగించమన్నాడు.

"సార్, వాన కొలిచే మిషను వానలో ఉండాల గదా?" అంది సుకుమారి.

"నీ గొర్రెల దొడ్డి అనుకున్యావా? ఫారిన్ మిషను ఇది!"

అక్టోబరులో వాన పడింది. చేపలు మా పెరట్లోకి ఈదుకొచ్చి వంటిల్లు ఎక్కడని అడిగాయి. నన్ను నమ్మకపోతే సీసాను నమ్మండి: నలభై రెండు మిల్లీమీటర్లు. యంత్రం మాత్రం సున్నా చూపింది.

ఆ వారమే ఆత్మకూరులో పిల్లల సైన్సు ప్రదర్శన. అక్కడికి యంత్రంతో పాటు నోట్‌బుక్కూ పోవాలి. చంద్రమోహన్ వచ్చాడు. కారు దిగగానే ఒక చెప్పు బురదలో కూరుకుపోయింది. ఒంటిచెప్పుతోనే వరండా ఎక్కాడు.

"ఆ నలభై రెండు కొట్టేయించి సున్నా రాయించు. మిషను అబద్ధం చెప్తాదా? రాయించకపోతే రేపట్నించి నువ్వు బడికి రావొద్దు."

సుకుమారి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే. నిరోష పెన్ను పట్టుకుని ఆమె ముఖంకేసి చూసింది.

"కొట్టేయొద్దమ్మే," అంది సుకుమారి. "పక్కన ఇంకో గడి గియ్యి. ఆరుబయట నలభై రెండు. రేకుల కింద సున్నా. రెండూ నిజమే."

నిరోష రాసేసి తలెత్తింది. "సార్, మీ చెప్పు ఆరుబయటే ఉండిపోయినాది. తెచ్చియ్యనా?"

మర్నాటి నుంచి సుకుమారికి బడి లేదు. ఇప్పుడు ఇంట్లో జాకెట్లు కుడుతోంది. సీసా ఆమె వాకిట్లోకి మారింది. ఎనిమిదిన్నరకు పిల్లలు అక్కడ ఆగి, కొలిచి, రాసుకుని, ఆ తర్వాతే బడికి పోతారు.

ప్రదర్శన అయ్యాక యంత్రం మళ్లీ వరండాకే చేరింది. రెండేళ్లయినా చుక్క నీరు తగలక కొత్తగా మెరుస్తోంది. దాని ప్రకారం రెండేళ్లుగా మా ఊళ్లో వానే లేదు. చంద్రమోహన్ చెప్పు మరి ఏ బురదలో కూరుకుపోయిందో, ఆయనే చెప్పాలి.